కంప్యూటరు కేసుషీటు: డాక్టరు చేతికి పనిముట్టా? బరువా?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

రోగి చెప్పింది వినడం, విన్నది మరిచిపోకుండా ఉంచుకోవడం – వైద్యంలో ఈ రెండే సగం మందు. ఐతే రోజుకు వందమందిని చూసే డాక్టరు ఎంతని గుర్తు పెట్టుకోగలడు? అందుకే కేసుషీటు పుట్టింది. నిన్నమొన్నటి దాకా అది కాగితం మీద ఉండేది. నేడు కంప్యూటరులోకి ఎక్కుతున్నది. ఎక్కడం మంచిదే. కాగితం చిరుగుతుంది, తడుస్తుంది, ఇంట్లో మరిచిపోతాం. కంప్యూటరులో రాసింది చిరగదు, ఏ ఊళ్లో కావలిస్తే ఆ ఊళ్లో కనబడేట్టు చెయ్యవచ్చు. ఇది అందరూ చెప్పే మాటే. కానీ ఆ కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే డాక్టరుకు అది ఎంతవరకు అనువుగా ఉన్నది? ఆయన కన్ను రోగి మీద ఉంటున్నదా, తెర మీద ఉంటున్నదా? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ చిన్న వ్యాసంలో దాన్ని చర్చించదలిచాను.

నేను వైద్య విద్యార్థిని కాను. సైన్సు చదువుకుంటున్న రైతు బిడ్డను. మా ఊరు బూర్గంపాడు మండలంలో గోదావరికి దగ్గర్లో ఉంది. నాలుగెకరాల పత్తి, ఎకరం మిర్చి మా ఆధారం. డాక్టర్ల కంప్యూటరు గురించి నీకెందుకయ్యా అని మిత్రులు అడగవచ్చు. ఎందుకో ముందు చెప్పి, తరువాత శాస్త్రంలోకి వస్తాను.

మూడక్షరాల మాట

మా నాయనమ్మకు డెబ్బై దాటాయి. బి.పి. ఉంది, షుగరు ఉంది. ఇరవై ఏళ్ల కిందట మూత్రంలో మంట వస్తే ఎవరో సల్ఫా మాత్రలు ఇచ్చారట. రెండో రోజుకే ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుళ్లు. ఆనాడు ఆమెను బాగుచేసిన పెద్ద డాక్టరు గారు ఆమె మందుల పుస్తకం అట్ట మీద ఎర్రసిరాతో ఒక మాట రాశారు – 'సల్ఫా పడదు'. నాయనమ్మకు చదువు రాదు. ఐనా ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ అట్ట డాక్టరు వైపు తిప్పి బల్ల మీద పెట్టేది. ఆ ఎర్రగీతే ఆమెకు తెలిసిన అక్షరం.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ ఏడు నీటిమట్టం 71 అడుగులు దాటింది. మా ఇంట్లో నడుములోతు నీళ్లు. మేము పునరావాస కేంద్రం నుంచి తిరిగి వచ్చేసరికి ట్రంకుపెట్టెలో పట్టా కాగితాలు, నా పదో తరగతి మెమో, నాయనమ్మ మందుల పుస్తకం ఒకే ముద్దయి ఉన్నాయి. మెమో మళ్లీ తెచ్చుకున్నాను. ఎర్రసిరా మాట మాత్రం గోదావరిలో కలిసిపోయింది.

రెండు నెలల తర్వాత నాయనమ్మకు జ్వరం, మూత్రంలో మంట. నాన్న మందు కొట్టే పనిలో ఉన్నాడు. నేనే ఆమెను పట్నంలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ కొత్తగా కంప్యూటర్లు పెట్టారు. చీటీ రాసే కుర్రవాడు పేరు, వయసు, ఆధారు, ఫోను నంబరు వరసగా అడిగి కొట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే "ఎలర్జీ ఏమన్నా ఉందా?" అన్నాడు.

నాయనమ్మ నా వైపు చూసింది. "అదేందయ్యా?"

"దురదలు, తుమ్ములు అట్లాంటివి నాయనమ్మా."

"అవేం లేవు."

"లేదు సార్" అన్నాను నేను. ఆయన 'లేదు' మీద నొక్కాడు.

లోపల డాక్టరు గారు మంచి మనిషి. బయట వరస వేపచెట్టు దాకా ఉంది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే, "నెట్టు రావట్లేదమ్మా, ఒక్క నిమిషం" అని నాయనమ్మతో ఆయనే రెండుసార్లు అన్నారు. తెర తెరుచుకున్నాక పైనుంచి కింది దాకా గడులు నింపుతూ పోయారు. మందు ఎంచుకునే చోట, ఎలర్జీ లేదని ముందే రాసి ఉన్నది కనుక, ఏ అడ్డూ రాలేదు. చీటీ ముద్రణ యంత్రంలోంచి బయటికొచ్చింది. నాయనమ్మ లేస్తూ, "సారూ, నాకొక మాత్ర..." అని ఏదో చెప్పబోయింది. అప్పటికే తరువాతి పేరు పిలిచారు. చీటీలో ఉన్న పొడుగాటి ఇంగ్లీషు పేరు సల్ఫా మందుదేనని నాకు తెలియదు.

మూడో రోజు ఆమె పెదవులు చిట్లాయి, చేతుల మీద బొబ్బలు లేచాయి. అదే ఆసుపత్రికి పరుగెత్తాం. అదృష్టం కొద్దీ వెంటనే గుర్తుపట్టి ఆ మాత్రలు ఆపించారు. పది రోజులకు తేరుకుంది. డాక్టరు గారు మంచం దగ్గరికి వచ్చి, "ఏ మందైనా నీకు పడదా అమ్మా అని ఆ రోజే అడిగి ఉంటే చెప్పేదానివా?" అన్నారు. నాయనమ్మ జవాబు నాకిప్పటికీ చెవుల్లో ఉంది:

"పడదంటే నాకెందుకు తెల్వదు సారూ? ఇరవై ఏండ్ల సంది తెలుసు. మీరు అది అడగలే గదా!"

తప్పు ఎవరిది? చీటీ రాసిన కుర్రవాడు తెర మీద ఉన్న మాటే చదివాడు. డాక్టరు గారు తెర మీద ఉన్న జవాబునే నమ్మారు. నేను ఇంటరు సైన్సు విద్యార్థిని. 'ఎలర్జీ' అనే మాటకు తప్పు అర్థం చెప్పి, ఆమె బదులు జవాబిచ్చాను. ముగ్గురమూ ఉద్దేశపూర్వకంగా ఏ తప్పూ చేయలేదు. ఐనా ముసలామె ప్రాణం మీదికి వచ్చింది. మనుషులు మంచివాళ్లై ఉండి కూడా పని చెడిందంటే, వాళ్ల చేతిలోని పనిముట్టును పరీక్షించవలసి ఉంటుంది. ఈ వ్యాసానికి కారణం అదే.

వాడుక సౌలభ్యం అనగా నేమి?

మా నాన్న ఒక మాట అంటాడు: "పిడి కుదరని కొడవలి చేను కొయ్యదు, చెయ్యి కోస్తది." ఇనుము మంచిదైతే చాలదు, పట్టేవాడి చేతికి కుదరాలి. కంప్యూటరు శాస్త్రంలో దీన్నే వాడుక సౌలభ్యం అంటారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. ఒక నిర్దిష్టమైన మనిషి, ఒక నిర్దిష్టమైన పరిస్థితిలో, ఒక నిర్దిష్టమైన పనికి వాడినప్పుడు మూడు చూడాలి – పని సరిగ్గా నెరవేరిందా, ఎంత శ్రమతో నెరవేరింది, వాడినవాడు తృప్తి పడ్డాడా.

ఇందులో 'పరిస్థితి' అన్న మాట ముఖ్యం. చల్లని గదిలో, తీరిగ్గా, ఒక్క రోగిని ఊహించుకుని పరీక్షించిన ప్రోగ్రాము వేరు. జ్వరాల కాలంలో వందమంది గుమ్మం ముందు నిలబడి ఉండగా, కరెంటు వస్తూ పోతూ ఉండగా వాడే ప్రోగ్రాము వేరు. ఎండిన దుక్కిలో సాగిన నాగలి బురదలో సాగకపోవచ్చు.

ఎందుకోసం పుట్టింది, ఎటు పోయింది?

కంప్యూటరు కేసుషీటు నిజానికి డాక్టరుకు సాయం చేయడానికే పుట్టింది. 1968లో అమెరికాలో లారెన్స్ వీడ్ అనే వైద్యుడు కేసుషీటును రోగి సమస్యల వారీగా రాయాలని ప్రతిపాదించాడు. రోగి చెప్పినది, డాక్టరు చూసినది, అంచనా, చేయబోయేది – ఈ నాలుగు భాగాల పద్ధతిని నేటికీ వైద్య విద్యార్థులు నేర్చుకుంటున్నారు. 1972లో ఇండియానాపొలిస్ నగరంలోని రీగన్‌స్ట్రీఫ్ సంస్థలో కంప్యూటరు కేసుషీటు మొదలైంది. అక్కడే క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ 1976లో ఒక మంచి సంగతి రుజువు చేశాడు: కంప్యూటరు సమయానికి ఒక మాట గుర్తు చేస్తే, డాక్టర్లు విడిచిపెట్టే పనులు తగ్గుతాయి. డాక్టరుకు తెలివి లేక కాదు, మనిషి బుర్రకు ఒక హద్దు ఉన్నది కనుక.

తరువాత ఈ బండికి వేరే బరువులు ఎక్కాయి. బిల్లులు, బీమా, నివేదికలు, కోర్టు భయాలు. అమెరికా ప్రభుత్వం 2009లో చట్టం చేసి, వేల కోట్ల డాలర్లు పెట్టి ఆసుపత్రులన్నిటినీ కంప్యూటరుకు మళ్లించింది. ఫలితం ఏమిటి? 2016లో అచ్చైన ఒక పరిశీలనలో 57 మంది డాక్టర్ల పక్కన నిలబడి గడియారం పెట్టి చూశారు. రోగితో గడిపిన ప్రతి గంటకూ కంప్యూటరు, బల్లపని కలిపి దాదాపు రెండు గంటలు పట్టింది.

మన దగ్గర కథ ఇంకా మొదట్లోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు, ఆపరేషనుకు అనుమతి, ఆసుపత్రికి చెల్లింపు కంప్యూటరు ద్వారా జరిగే పద్ధతి మనకు పరిచయమైంది. బీదవారికి అది ఎంతో మేలు చేసింది. ఐతే అది చెల్లింపు కోసం పుట్టిన రికార్డు. 2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ ప్రారంభించింది. కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తారు. ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా వివరాలు ఒకచోట కలిపి చూసుకునే వీలు కల్పించడం దాని ఉద్దేశం. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మన పొరుగున ఉన్న ములుగులోనూ, సిరిసిల్లలోనూ ఇంటింటికీ వెళ్లి ఆరోగ్య వివరాలు నమోదు చేసే ప్రయోగం మొదలుపెట్టింది. అంటే తెర మన ఊళ్లకు వచ్చేసింది. అమెరికా వాళ్లు పడిన గుంతలో మనమూ పడాలా, చూసి పక్కనుంచి పోవాలా అన్నది మన చేతిలో ఉంది.

కొంచెం లెక్క

సైన్సు విద్యార్థికి మాట కన్నా లెక్క ముద్దు. 1980లో కార్డ్, మోరాన్, న్యూయెల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు కంప్యూటరు పనికి ఎంత కాలం పడుతుందో ముందే లెక్కగట్టే ఒక పద్ధతి చెప్పారు. వారి కొలతల ప్రకారం ఏం చేయాలో మనసులో అనుకోవడానికి 1.35 సెకన్లు, మౌసుతో గురి చూడడానికి 1.1 సెకను, నొక్కి వదలడానికి 0.2 సెకను. మొత్తం ఒక ఎంపికకు 2.65 సెకన్లు.

ఇప్పుడు ఒక తెరలో అవసరం లేని గడులు ఆరు ఉన్నాయనుకుందాం. 6 × 2.65 = 15.9 సెకన్లు. ఒక్కొక్క గడి తర్వాత నెట్టు కోసం రెండున్నర సెకన్లు ఆగవలసి వస్తే మరో 15 సెకన్లు. మొత్తం సుమారు అర నిమిషం. అర నిమిషమే కదా అనిపిస్తుంది.

ఐతే ఉదయం ఓ.పి. నాలుగు గంటలు, వచ్చిన రోగులు వందమంది అనుకోండి. ఒక్కొక్కరికి దొరికేది 2.4 నిమిషాలు. ఇది నేను గాలిలోంచి తీసిన లెక్క కాదు. 67 దేశాల వివరాలు కూర్చి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ప్రాథమిక వైద్యానికి రోగికి దొరికే సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైన ఉంటే, మన దేశంలో సుమారు రెండు నిమిషాలే. ఆ 2.4 నిమిషాల్లో అర నిమిషం పనికిరాని గడులకు పోతే, వందమందికి 50 నిమిషాలు. అంటే ఇరవై మంది రోగుల సమయం. ఆ ఇరవై మంది రేపు రండి అనిపించుకోవాలి, లేదా అందరికీ తలా కొంత చూపు తగ్గాలి. చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో బస్సెక్కి వచ్చిన కూలిమనిషికి 'రేపు రా' అంటే ఒక రోజు కూలి పోయినట్టు, బస్సు చార్జీ రెండింతలైనట్టు. తెరమీది ఆరు గడుల ఖరీదు కట్టేది ఆ మనిషే.

పనిముట్టుకు మార్కులు

మనకు పరీక్షల్లో మార్కులు వేసినట్టే పనిముట్టుకూ మార్కులు వేయవచ్చు. 1986లో ఇంగ్లండులో జాన్ బ్రూక్ అనే ఆయన పది వాక్యాల ప్రశ్నపత్రం తయారు చేశాడు. 'ఇది వాడడం తేలిక', 'ఇది అనవసరంగా చిక్కుగా ఉంది' వంటి వాక్యాలకు వాడేవాడు ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తాడు. బేసి సంఖ్య వాక్యాలు మెచ్చుకునేవి. వాటి అంకెలోంచి ఒకటి తీసేయాలి. సరిసంఖ్య వాక్యాలు తప్పుపట్టేవి. ఐదులోంచి ఆ అంకెను తీసేయాలి. అన్నీ కూడి రెండున్నరతో గుణిస్తే నూటికి మార్కులు వస్తాయి. అన్నిటికీ మధ్యస్థంగా మూడు వేస్తే సరిగ్గా 50 వస్తుంది; మీరే చేసి చూడండి. రకరకాల వస్తువులకు వచ్చిన మార్కుల సగటు 68.

అమెరికాలో 870 మంది డాక్టర్లు తమ కంప్యూటరు కేసుషీట్లకు వేసిన మార్కుల సగటు 45.9. ఈ సంగతి 2019లో బయటికొచ్చింది. బ్యాంకు ఏ.టి.ఎం.కు 82 మార్కులు వచ్చిన పరీక్షలోనే దీనికి ఈ గతి! అంతేకాదు, మార్కులు తక్కువ వేసిన డాక్టర్లలోనే పనిమీద విసుగు, అలసట ఎక్కువగా కనబడ్డాయి. అలసిన డాక్టరు చేతికి రోగిని అప్పజెప్పడం ఎవరికి క్షేమం?

విసుగుకు మరో కారణం హెచ్చరికలు. మందు రాసినప్పుడల్లా కంప్యూటరు ఏదో ఒక హెచ్చరిక చూపుతుంది. 2006లో కూర్చిన ఒక సమీక్షలో డాక్టర్లు నూటికి 49 నుంచి 96 హెచ్చరికలను దాటవేస్తున్నట్టు తేలింది. మనకు చిన్నప్పటి 'నాన్నా పులి' కథ తెలుసు. పనికిరాని కేకలు వందసార్లు వేసిన పనిముట్టు, నిజంగా పులి వచ్చిన నాడు కేక వేసినా ఎవరూ తిరిగి చూడరు. అందుచేత హెచ్చరికలు పెంచడం వేరు, డాక్టరుకు సాయపడడం వేరు.

ప్రోగ్రాము ఒకటే, ఫలితం రెండు

ఇక్కడ ఒక విషాద ఉదాహరణ చెప్పాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో మందుల చీటీని కంప్యూటరుకు మార్చారు. ఇతర ఆసుపత్రుల నుంచి అత్యవసరంగా పంపిన పిల్లల్లో మరణాలు నూటికి 2.80 నుంచి 6.57కు పెరిగాయని 2005లో అక్కడి డాక్టర్లే ప్రకటించారు. వారు చూపిన కారణాల్లో ఒకటి – పూర్వం బిడ్డ దారిలో ఉండగానే మందులు సిద్ధం చేయించేవారు. కంప్యూటరు వచ్చాక బిడ్డ వచ్చి, పేరు నమోదైతేగాని మందు రాయడానికి వీలు లేకపోయింది.

అదే ప్రోగ్రామును సియాటిల్ నగరంలోని పిల్లల ఆసుపత్రి కూడా పెట్టుకుంది. అక్కడ మరణాలు పెరగలేదని 2006లో తేలింది. తేడా అమరికలో ఉంది. పని ఎలా జరుగుతుందో చూసి దానికి తగ్గట్టు పనిముట్టును అమర్చడం ఒక దారి. పనిముట్టు చెప్పినట్టు పనిని వంచడం మరో దారి. రెండో దారిలో ప్రమాదం ఉంది.

మంచి ఉదాహరణకు మనం అమెరికా దాకా పోనక్కరలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తమ కంప్యూటరు కేసుషీటును బయట కొనకుండా తమ సంస్థలోనే తయారు చేసుకుంది. దాని పేరు ఐస్మార్ట్. 2010 నుంచి 2018 వరకు ఎనిమిదేళ్లలో 22 లక్షలకు పైగా రోగుల వివరాలు అందులోకి చేరాయి. ఆ సంస్థ శాఖ ఒకటి మన పాల్వంచలోనే ఉంది – నవభారత్ కంటి ఆసుపత్రి. కంటి వైద్యానికి కావలసిన గడులు వేరు, ప్రసవానికి కావలసినవి వేరు. తమ పనికి తగిన పిడిని తామే చెక్కుకోవడం అంటే ఇదే. చిన్న సర్కారు దవాఖానకు ఆ స్తోమత ఉండదు, నిజమే. కానీ పిడి చెక్కేటప్పుడు పట్టేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడానికి స్తోమత అక్కరలేదు.

మన అడవి సరిహద్దులో

మన ప్రాంతానికి కొన్ని ప్రత్యేక చిక్కులున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఐనా జబ్బు చేస్తే ఆ జనం భద్రాచలం వస్తూనే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి గొత్తికోయలు కూడా వస్తారు. రోగం సరిహద్దు చూడదు, కంప్యూటరు చూస్తుంది. చింతూరులో రాసింది భద్రాచలంలో కనబడాలంటే రెండు రాష్ట్రాల తెరలు ఒకదానితో ఒకటి మాట్లాడాలి.

పేర్లది మరో తంటా. మడకం, సోడె, కుంజా, పాయం – ఇంటిపేర్లు కొద్ది, వాటి కింద ఒకే పేరు గలవాళ్లు ఎందరో. అదే పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒకరకంగా, మరోచోట మరోరకంగా కొడతారు. పుట్టిన తేదీ తెలియదంటే చాలామందికి జనవరి ఒకటి వేసేస్తారు. పహాణీలో ఒక్క అక్షరం తప్పుపడితే రైతు ఎన్నాళ్లు తిరగాలో మాకు తెలుసు. కేసుషీటులో ఒకరి వివరం మరొకరి కింద పడితే తిరగడానికి మనిషే మిగలకపోవచ్చు.

పైగా భాష. కోయలో చెప్పిన బాధ తెలుగులోకి రావాలి, తెలుగులోంచి తెరమీది ఇంగ్లీషులోకి పోవాలి. రెండు వాగులు దాటేసరికి మూటలో ఎంత మిగులుతుంది? మన తెలుగు మాట 'పడదు' ఒక్క వాగు దాటలేకనే మా ఇంట్లో అంత పని జరిగింది.

ఇక్కడ ఈ 'పడదు' అన్న మాటకు మరింత విలువ ఉంది. మన మన్యంలో మలేరియా పాత శత్రువు. అందులో ఒకరకానికి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర, జి6పిడి అనే ఎంజైము లోపం గలవారికి పడదు, ఎర్రకణాలు పగిలిపోతాయి. సికిల్‌సెల్ రక్తహీనత ఆదివాసుల్లో ఎక్కువ. 2023 జూలైలో దేశవ్యాప్తంగా మొదలైన కార్యక్రమం కింద నలభై ఏళ్లలోపు 7 కోట్లమందికి ఆ పరీక్ష చేయాలని తలపెట్టారు. పరీక్ష చేయడం సగం పనే. రేపు ఆ పిల్లవాడు కీళ్లనొప్పితో, జ్వరంతో అర్ధరాత్రి వస్తే, డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకు ఆ ఒక్క వాక్యం మొదటి చూపులోనే కనబడాలి. నాలుగో తెరలో దాగిన నిజం తెలియనిదానితో సమానం.

ఏం చేయాలి?

పెద్ద పెద్ద సలహాలు చెప్పే వయసు నాకు లేదు. ఐనా చదివినదాన్ని, పడినదాన్ని కలిపి ఐదు మాటలు విన్నవిస్తున్నాను.

ఒకటి: ఏ మందు పడదో, ఏ పెద్ద జబ్బు ఉందో – ఇవి ప్రతి తెర పైభాగాన, ఒకేచోట, ఎర్రగా ఉండాలి. మా పెద్ద డాక్టరు గారి ఎర్రసిరా సూత్రం ఇదే.

రెండు: రోగిని అడిగే ప్రశ్న రోగి భాషలో తెర మీదే రాసి ఉండాలి. 'ఎలర్జీ?' అని కాదు. 'ఏ మందైనా మింగితే దద్దుర్లు గాని, ఆయాసం గాని వచ్చిందా? ఏ మందైనా పడదా?' అని. కోయలో కూడా ఆ ఒక్క ప్రశ్న నేర్పాలి. అడిగేవాడు తల ఎత్తి అడగాలి.

మూడు: 'ఉంది', 'లేదు' పక్కన 'తెలియదు' అనే గడి ఉండాలి. ఆనాడు ఆ గడి ఉండి ఉంటే నేను 'లేదు' అనేవాణ్ణి కాదేమో. తెలియదని రాసి ఉంటే డాక్టరు మళ్లీ అడుగుతాడు. లేదని రాసి ఉంటే అడగడు. అబద్ధపు 'లేదు' కన్నా నిజమైన 'తెలియదు' మేలు.

నాలుగు: కరెంటు, నెట్టు లేకపోయినా రాసుకుని, వచ్చాక పంపే ఏర్పాటు ఉండాలి. ఒకసారి అడిగింది మళ్లీ అడగకూడదు. నివేదికల కోసం కావలసిన లెక్కలు డాక్టరు చేత కొట్టించకుండా, రాసినదానిలోంచి కంప్యూటరే తీసుకోవాలి. లెక్కించేవాడి సౌకర్యం కోసం వైద్యం చేసేవాడి చూపును ఖర్చు పెట్టకూడదు.

ఐదు: ప్రోగ్రాము పెట్టేముందు, దాన్ని తయారు చేసినవారు జ్వరాల కాలంలో ఒక వారం ఓ.పి.లో డాక్టరు పక్కన కూర్చోవాలి. పెట్టాక ఆరు నెలలకొకసారి డాక్టర్ల చేత, నర్సుల చేత ఆ పది వాక్యాల మార్కులు వేయించాలి. తప్పిన విద్యార్థి మళ్లీ పరీక్ష రాస్తున్నాడు కదా. తప్పిన ప్రోగ్రాము ఎందుకు రాయకూడదు?

ముగింపు

కాగితమే మేలు, కంప్యూటరు వద్దు అని నేననడం లేదు. సారపాక కాగితం మిల్లు మా ఊరికి దగ్గరే. కాగితం మీద నాకు అభిమానమే. కానీ ఎర్రసిరా రాసిన కాగితాన్ని గోదావరి తీసుకుపోవడం నేను కళ్లారా చూశాను. గోదావరికి అందని చోట ఆ మాట రాసి ఉండాలి. అది కంప్యూటరు వల్లనే సాధ్యం. ఐతే అక్కడ రాసి ఉంటే చాలదు. డాక్టరు కన్ను పడే చోట, డాక్టరుకు శ్రమ లేకుండా, రోగికి అర్థమయ్యే మాట అడిగి రాసి ఉండాలి.

మిత్రులారా, మనలో రేపు కొందరు ప్రోగ్రాములు రాస్తారు. కొందరు ల్యాబుల్లో, కొందరు ఆసుపత్రి కౌంటర్లలో కూర్చుంటారు. గడి పేరు పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగి, దాన్ని అడిగేవాణ్ణి, జవాబు చెప్పేవాణ్ణి తలచుకోండి.

నాయనమ్మ బాగానే ఉంది. నేను సెలవులకు వెళ్లినప్పుడు ఆమెకు కొత్త పుస్తకం కొనిచ్చి, అట్ట మీద ఎర్రసిరాతో 'సల్ఫా పడదు' అని రాశాను. ఆసుపత్రి కంప్యూటరులో కూడా ఆ మాట ఎక్కించారు. "రెండుచోట్లా రాసినవా?" అని అడిగింది. రాశానన్నాను. "ఇంకోచోట గూడ రాయాలె" అంది. ఎక్కడ నాయనమ్మా అంటే, నా తల మీద చెయ్యి పెట్టింది.